గ్యాస్ పంచుతరహో!

ఆ రోజుల్లో మా వైపు గ్యాస్ అనే ఒక్క మాట వస్తే చాలు, సగం సంసారం గడిచిపోయేది. రేషన్ దుకాణంలో పోసే కిరోసిన్‌ను గ్యాస్ నూనె అనేవాళ్లం. పెళ్లి ఊరేగింపులో తలల మీద మోసుకొచ్చే తెల్లటి దీపాలు గ్యాసులు ("నాలుగు గ్యాసులు పెట్టి తీసుకొచ్చిండ్రు పిల్లగాన్ని" అన్నారంటే ఆ పెళ్లివారు ఉన్నవాళ్లని అర్థం). జాతరలో దారం జారితే ఆకాశం పాలయ్యేది గ్యాస్ బుగ్గ. శనగపప్పు వండిన పూట మా బాపు పొట్ట నిమురుకుంటూ తిట్టుకునేదీ గ్యాస్‌నే. ఇవన్నీ కాక, పని రానివాడు వచ్చినట్టు మాట్లాడితే "వీడు మస్తు గ్యాస్ కొడుతుండు" అనేవాళ్లు. ఇన్ని రకాల గ్యాసుల మధ్య పెరిగిన నేను ఇరవై రెండో ఏట అసలు సిసలు పొయ్యి గ్యాస్ ఉద్యోగంలో చేరాను. చేరడానికి మాత్రం చివర చెప్పిన రకాన్నే వాడుకున్నాను.

మాది మంథని. కరీంనగర్‌లో డిగ్రీ అయిపోయాక ఏడాది పాటు ఇంట్లో కూర్చుని, ఎండబోసిన వడ్ల దగ్గర కోళ్లను తోలుతుంటే, ఉట్నూర్‌లో ఉండే మా చిన్నమ్మ కబురు పంపింది. అక్కడి గ్యాస్ ఏజెన్సీలో ఒక ఆడపిల్ల కావాలట. అప్పట్లో ఊళ్లలో ఆడవాళ్లకు ప్రభుత్వం గ్యాస్ కనెక్షన్లు ఇప్పిస్తోంది. వాటిని ఎట్లా వాడాలో ఊరూరా తిరిగి చూపించాలి. మగవాళ్లు వెళ్లి చెబితే ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి వెళ్లిపోతున్నారట. ఓనర్ సారు నన్ను రెండే ప్రశ్నలు అడిగారు.

"ఊర్లు తిరుగుతవా బిడ్డా?"

"తిరుగుత సార్."

"గ్యాస్ పొయ్యి ముట్టించుడు వస్తది గదా?"

"గదెంత పని సార్! మా ఇంట్ల రోజు నేనే ముట్టిస్త."

మా ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉన్న మాట నిజమే. గల్ఫ్‌లో ఉన్న మా అన్న పట్టుబట్టి ఇప్పించాడు. మా అవ్వ సిలిండర్‌కు పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టుకుని, ఇటు తిరిగి కట్టెల పొయ్యి మీద వంట చేసేది. చుట్టాలు వస్తే మాత్రం చాయ్ కోసం దాన్ని వెలిగించేది. అప్పుడు కూడా నన్ను వాకిట్లోకి పంపేది ("పెండ్లి గావలసిన పిల్లవు, మూతి కాలితె ఎవ్వడు జేసుకుంటడు?"). కాబట్టి గ్యాస్ పొయ్యి వెలగడాన్ని నేను ఎప్పుడూ వాకిట్లోంచే చూశాను. లోపల అది భగ్గుమన్నప్పుడల్లా బయట నేను కూడా ఎగిరిపడేదాన్ని.

అటువంటిదాన్ని ఆ ఉద్యోగంలో రెండు నెలలు ఎట్లా నెట్టుకొచ్చానని మీకు అనుమానం రావచ్చు. దానికి ఒక ఉపాయం కనిపెట్టాను. ఏజెన్సీ వాళ్లు నాకొక పెద్ద బొమ్మల చార్టు ఇచ్చారు. దాన్ని నేను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడేదాన్ని. రెండు చేతులూ ఖాళీ లేని మనిషిని పొయ్యి ముట్టించమని ఎవరడుగుతారు? ముట్టించే పని మా జీపు డ్రైవర్ చూసుకునేవాడు. ఆయన్ని అందరూ గేర్ కాక అనేవాళ్లు (ఎత్తులోనూ పల్లంలోనూ ఒకటే గేరులో పోతాడని). నేను గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంటే, కాక చప్పుడు చేయకుండా రెగ్యులేటర్ బిగించి, అగ్గిపుల్ల గీసి, మంట చూపించి పక్కకు జరిగేవాడు. చప్పట్లు నాకు కొట్టేవారు. వాసన వస్తే ఏం చేయాలో ఏడు సూత్రాలుండేవి. అవి నాకు నోటికి వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఎవరూ లేపి అడగలేదు, అది నా అదృష్టం.

ఆ అదృష్టం ఉట్నూర్‌కు గంట దూరంలో, టేకు చెట్లు దాటాక వచ్చే ఒక పత్తి ఊళ్లో అయిపోయింది. ఆదివారం పొద్దున బడి వరండాలో నన్నూ, పొయ్యినీ, నిండు సిలిండర్‌నూ దింపి గేర్ కాక మళ్లీ జీపెక్కాడు. పక్క ఊళ్లో రెండు సిలిండర్లు ఇచ్చి రావాలట.

"కాకా, మరి ముట్టించుడు?" అన్నాను గొంతు తగ్గించి.

"అద్దగంటల వస్త. అప్పటిదాంక మాటలు చెప్పు. మాటలు నీకు కొత్తనా?" అని నవ్వి వెళ్లిపోయాడు.

జీపు దుమ్ము తగ్గాక చూస్తే ఊరంతా బడికే వస్తోంది. నా ఉద్యోగంలో అంత జనాన్ని ఎప్పుడూ చూడలేదు. సంతోషంతో ఛాతీ పొంగింది. దగ్గరికొచ్చాక గమనించాను, అందరి చేతుల్లోనూ డబ్బాలున్నాయి. ప్లాస్టిక్ డబ్బాలు, తగరపు డబ్బాలు, మెడకు తాడు కట్టిన సీసాలు. వచ్చినవాళ్లు వచ్చినట్టే వరుసలో నిలబడుతున్నారు. విషయం ఏమిటంటే, ముందు రోజు ఊళ్లో డప్పు చాటింపు వేయించారు. "గ్యాస్ పొయ్యి వాడే విధానం గురించి మహిళలకు అవగాహన కార్యక్రమం" అని మేము రాసిచ్చిన కాగితాన్ని చాటింపు మామ తనకు తోచినట్టు కుదించి, "రేపు పొద్దుగాల బడికాడ గ్యాస్ పంచుతరహో!" అని ఊరంతా తిరిగాడు.

"గ్యాస్ నూనె కాదమ్మా, గ్యాస్!" అన్నాను ముందున్న ఆమెతో.

"గదే, గ్యాస్. ఒక్కరికి ఎన్ని లీటర్లు?"

"లీటర్లు గాదు. గిది వేరే గ్యాస్. కంటికి కనవడది."

ఆమె తన డబ్బాలోకి ఒకసారి చూసి, వెనక్కి తిరిగి వరుసకంతా వినబడేటట్టు, "కనవడని గ్యాస్ పోస్తరంటనే! పోయిన నెల దుకాణమాయన గూడ గట్లనే పోసిండు!" అంది. వరుసంతా గొల్లుమంది.

అంతలో బీడీ తాగుతున్న ఒకాయన వరుస తోసుకుని వచ్చాడు. "మేడం, వచ్చే వారం మా బిడ్డ పెండ్లి. నాలుగు గ్యాసులు కిరాయికి గావాలె. మోసేటోళ్లను గూడ మీరే పంపుతరా?" నేను ఆయనకు జవాబు వెతుకుతుండగానే, తెల్ల ధోవతి కట్టుకున్న ఒక పెద్దమనిషి నా ముందు నిలబడి పొట్ట మీద చేయి వేసుకున్నాడు. "బిడ్డా, గ్యాస్‌కు ఏమన్న గోలీలు తెచ్చినవా? తిన్నది తిన్నట్టే పైకి తంతది. ముప్పై ఏండ్లు మందమర్రి గనిల గ్యాస్ పట్టినోన్ని, గీ కడుపుల గ్యాస్ పట్ట శాతనైతలేదు."

ఆయన్ని ఊళ్లో సర్దార్ మామ అంటారని పక్కనున్నవాళ్లు చెప్పారు. బొగ్గు గనిలో కార్మికుల కంటే ముందు దిగి, కప్పు గట్టిగా ఉందా, గ్యాస్ చేరిందా అని చూసే పని ఆయనది. ఆ ఉద్యోగాన్ని సర్దార్ అంటారట. రిటైరయ్యాక సొంతూరు వచ్చి పత్తి వేసుకుంటున్నాడు. ఆయన పక్కనే ఆయన భార్య నిలబడి ఉంది. పొట్టి మనిషి, దారం కట్టిన కళ్లద్దాలు, చేను నుంచి నేరుగా వచ్చినట్టు నడుముకు బిగించిన కొంగు. ఆమె నావైపు చూడటం లేదు. నా పొయ్యి వైపు చూస్తోంది.

గోలీలు లేవనీ, దీపాలు లేవనీ, నూనె లేదనీ ముగ్గురికి మూడు సార్లు చెప్పేసరికి జనం గొణగడం మొదలైంది. కొందరు డబ్బాలు భుజాన వేసుకుని కదిలారు. ఈ ఊళ్లో కనీసం పదిమంది కనెక్షన్ తీసుకోకపోతే నా ఉద్యోగం సంగతి ఆలోచించాల్సి వస్తుందని ఓనర్ సారు ముందు రోజే అన్నారు. చార్టు ఎత్తి పట్టుకుని, గొంతు చించుకుని మాట్లాడాను. పొగ ఉండదన్నాను, కళ్లు మండవన్నాను, అడవికి కట్టెల కోసం పోయే పని తప్పుతుందన్నాను. పోయేవాళ్లు ఆగారు. ఇందాక లీటర్లడిగిన డబ్బాలామె మళ్లీ ముందుకు వచ్చింది.

"మాటలు మంచిగనే ఉన్నయి. ముట్టిచ్చి సూపెట్టు మరి."

రోడ్డు వైపు చూశాను. జీపు జాడ లేదు. చార్టు వైపు చూశాను. ఊరంతా నావైపు చూస్తోంది. ఇక తప్పదని చార్టును గోడకు ఆనించి కూర్చున్నాను. కాక చేస్తుండగా అరవైసార్లయినా చూసిన పనే కదా అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. సిలిండర్ మూత తీశాను. రెగ్యులేటర్ పెట్టాను. అది 'టక్' మని కూర్చుంది. నా మీద నాకే ముచ్చటేసింది. దాని మీట తిప్పాను. ఒక చేత్తో అగ్గిపెట్టె, ఒక చేత్తో పుల్ల పట్టుకుని, "ఇప్పుడు అందరూ జాగ్రత్తగా చూడండి" అన్నాను.

అప్పుడు వినబడింది. 'స్‌స్‌స్' మని, పాము బుస కొట్టినట్టు. పొయ్యి దగ్గర కాదు, సిలిండర్ మెడ దగ్గర. వెంటనే వాసన.

ఏడు సూత్రాల్లో ఒక్కటి కూడా గుర్తు రాలేదు. మొదటి సూత్రం ఏ అక్షరంతో మొదలవుతుందో కూడా గుర్తు రాలేదు. అప్పుడు నేను చేసిన పని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను: సిలిండర్ మీదికి వంగి, దీపం ఆర్పినట్టు, 'ఉఫ్' మని ఊదాను. అది ఆరలేదు (వెలిగితే కదా ఆరడానికి). నా కాళ్లు నేలకు అంటుకుపోయాయి. చేతిలో అగ్గిపుల్ల అట్లాగే ఉంది. మూడడుగుల దూరంలో పెళ్లి దీపాలాయన బీడీ ఎర్రగా మండుతోంది.

"పిల్లా, ఆ పుల్లను మల్ల డబ్బల పెట్టు."

చాలా మెల్లగా, చేలో పక్క సాలు మనిషితో మాట్లాడినట్టు వినిపించింది ఆ గొంతు. దారం కళ్లద్దాల ఆమె. నేను పుల్లను పెట్టెలో పెట్టాను. ఆమె అప్పటికే బీడీ ఆయన వైపు చేయి చాపింది. "నువ్వు వెనుకకు తిరిగి గా వేపచెట్టు దాంక నడువు. ఉరకకు. బీడీ ఇక్కడ పారెయ్యకు, చేతులనే పట్టుకపో." ఆయన పెళ్లి నడక నడిచినట్టు బుద్ధిగా నడిచాడు. "మీరందరు గాలికి ఎదురుంగ గీ దిక్కుకు రాన్రి. కింద కూసున్న పోరగాండ్లను లేపున్రి ముందుగాల. గీ గ్యాస్ నీళ్ల లెక్క నేల మీదనే పారుతది." అట్లా చెబుతూనే వచ్చి, మీట కట్టేసి, రెగ్యులేటర్ పీకి, మూత నొక్కింది. బుస ఆగిపోయింది. ఇదంతా నేను ఒకసారి ఊపిరి పీల్చి వదిలేలోపు జరిగిపోయింది.

వరండా మూడు వైపులా తెరిచి ఉండబట్టి వాసన కాసేపట్లోనే పోయింది. అయినా ఆమె తొందరపడలేదు. జనాన్ని అట్లాగే నిలబెట్టి, నా పక్కన కూర్చుని, మూత తీసి సిలిండర్ మెడలోకి తొంగి చూసింది. "లోపటి రబ్బరు చినిగింది. వేరేది ఉన్నదా మీ తాన?" నా సంచిలో ఒక కవరు నిండా చిన్న చిన్న నల్ల రబ్బరు రింగులున్నాయి. అవి జీపు సామాన్లనుకుని రెండు నెలలుగా మోస్తున్నాను. ఆమె అందులోంచి ఒకటి ఏరుకుంది. కొంగుకున్న పిన్నీసు తీసి, పాత రింగు లాగి, కొత్తది కూర్చోబెట్టి, రెగ్యులేటర్ పెట్టింది. సబ్బు నీళ్లు తెప్పించి మెడ చుట్టూ రాసి మీట తిప్పింది. "బుడగలు వస్తున్నయా? వస్తలేవు. గంతే, ఫికర్ లేదు."

తరువాత నా చెవి దగ్గరికి వంగింది. "ఎన్నడన్న ముట్టించినవా?"

"లేదత్తా" అన్నాను. అత్త అనే మాట నోటికెట్లా వచ్చిందో తెలియదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక ఊరంతా నవ్వుతుంది, ఓనర్ సారుకు తెలుస్తుంది, మళ్లీ మంథని, మళ్లీ కోళ్లు.

ఆమె నా మొహాన్ని ఒక్క క్షణం చూసి లేచి నిలబడింది. జనం వైపు తిరిగి గొంతు పెంచింది.

"సూసిండ్రా అందరు? మేడం మనకు పరీక్ష పెట్టింది. గ్యాస్ కారితె మనం ఏం జేస్తమో చూద్దామని కావాలనే పాత రబ్బరు పెట్టి తెచ్చింది. మీరేం జేసిండ్రు? గుడ్లప్పగిచ్చి నిలవడ్డరు! ఒక్కరికన్న మీట కట్టేయాలని తెలిసిందా?"

జనంలో చిన్న కలకలం. డబ్బాలామె నోటి మీద వేలేసుకుంది. "అమ్మో, మేడం మస్తు హుషారున్నదే! గంత గ్యాస్ కారుతున్నా ఉలుకు లేదు, పలుకు లేదు, బొమ్మ లెక్క కూసున్నది!" నా కాళ్లు నేలకు అంటుకుపోవడాన్ని ఆ ఊరు ధైర్యమనుకుంది. సర్దార్ మామ మాత్రం పొట్ట మీద చేయి తీయకుండానే నా దగ్గరికి జరిగి, "ముప్పై అయిదేండ్ల సంసారంల నా పెండ్లాం గింత గ్యాస్ కొట్టంగ నేనెన్నడు సూడలే బిడ్డా" అన్నాడు రహస్యంగా, ఎంతో గర్వంగా.

అత్త నన్ను వదలలేదు. "ఇగ ముట్టియ్యి" అంది. పుల్ల ముందు గీసి, మంట పొయ్యి దగ్గర పెట్టి, అప్పుడే పొయ్యి మీట తిప్పమంది. నా మణికట్టును కింద నుంచి రెండు వేళ్లతో, ఎవరికీ కనబడకుండా ఆనించి పట్టుకుంది. నీలి మంట గుండ్రంగా, చప్పుడు లేకుండా పూసింది. భగ్గుమనలేదు. ఇన్నేళ్లూ వాకిట్లో ఎగిరిపడింది దీనికా అని నాకే సిగ్గేసింది. ఆ మంట మీద పెద్ద గిన్నెలో చాయ్ కాచాం. నూనె డబ్బాలు పక్కన పెట్టి ఊరంతా తాగింది. సర్దార్ మామకు మాత్రం వాముతో కాచిన నీళ్లు ఇచ్చింది అత్త. ఆ నీళ్లు తాగుతూ ఆయన గని సంగతులు చెప్పాడు: గనిలో గ్యాస్‌కు వాసనుండదట, అది నేల మీద పారదట, పైకి పోయి కప్పుకు అంటుకుంటుందట. అందుకే దీపాన్ని మెల్లగా పైకెత్తి చూసేవాడట, మంట మీద లేత నీలి టోపీ కనబడితే అందరినీ వెనక్కి పంపేవాడట. "నేను ఇంటికి వచ్చినంక రోజు గవే ముచ్చట్లు. గని క్వార్టర్ల మాకు గ్యాస్ పొయ్యే ఉండె, దాని రబ్బర్లు గూడ గీమెనే మార్చేది. గా పొయ్యి కాడ కూసోని ఇనేది. ఇంటున్నదో లేదో అనుకునేటోన్ని" అన్నాడు. అత్త గ్లాసులు కడుగుతూ వినబడనట్టే ఉంది.

గేర్ కాక జీపుతో వచ్చేసరికి ఇరవై ముగ్గురు ఆడవాళ్లు పేర్లు రాయించుకుని ఉన్నారు. జీపు వాగు దాటుతూ బురదలో దిగబడిందట, దారంతా తిట్టుకుంటూ వచ్చాడు.

అసలు చిక్కు మర్నాడు వచ్చింది. ఊరి కబురు నాకంటే ముందే ఏజెన్సీకి చేరింది. ఓనర్ సారు కుర్చీలోంచి లేచి నిలబడి నన్ను మెచ్చుకున్నారు. "ఏం అయిడియా బిడ్డా అది! ఇగ అన్ని ఊర్లల్ల గట్లనే చెయ్యాలె. ప్రతి ఊర్ల ఒక పాత రబ్బరు పెట్టి..." ఆయన మాట పూర్తి కాకముందే వద్దని చేయి అడ్డం పెట్టాను. అబద్ధం ఒక్క ఊరికైతే మోయవచ్చు కానీ, జిల్లా అంతా గ్యాస్ కారబెడుతూ తిరగడం నా వల్ల కాదు. మొత్తం చెప్పేశాను. ఇంటర్వ్యూలో అన్న మాట, చార్టు, కాక, అగ్గిపుల్ల, అత్త... అన్నీ. ఊదిన సంగతి తప్ప.

ఓనర్ సారు మళ్లీ కుర్చీలో కూలబడ్డారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన మాత్రం, "ఆమె మనతోని వస్తదా? అడిగి సూడు" అన్నారు.

అడగడానికి వెళ్తే అత్త పత్తి ఏరుతోంది. ఏరుడయ్యేదాకా రానంది. నేనూ ఒడి కట్టుకుని రెండు రోజులు ఏరాను (ఏరింది తక్కువ, గీసుకున్నది ఎక్కువ). మూడో రోజు ఆమె నవ్వి జీపెక్కింది. ఆ ఎండాకాలమంతా మేమిద్దరం ఊళ్లు తిరిగాం. ఆమె మాట్లాడేది కాదు, చేసి చూపేది. భయపడే ఆడవాళ్లను ముందుకు పిలిచి, వాళ్ల మణికట్టు కింద రెండు వేళ్లు పెట్టేది. ఎవరినీ ఎగతాళి చేయలేదు, ఎవరికీ ఎక్కువ చెప్పలేదు. మాటలు మాత్రమే తెలిసిన నేను ఆమె పక్కన నిలబడి పని నేర్చుకున్నాను. నెల తిరగకముందే రబ్బరు మార్చడం, సబ్బు నీళ్లతో చూడటం, బెదిరిన మనిషిని మెల్లగా నడిపించడం నాకూ వచ్చాయి. ఎప్పటికైనా ఆమెలా ఉండాలని అనుకునేదాన్ని. ఊరంతా తడబడుతుంటే తాను మాత్రం నిబ్బరంగా నిలబడే మనిషిలా.

వానలు మొదలై ఆమె చేనికి వెళ్లిపోయే రోజు, జీపులో వెనక కూర్చుని అడిగాను. "అత్తా, ఆ పొద్దు నీకు జర గూడ భయం గాలేదా?"

ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఎందుకు గాదు పిల్లా? మోకాళ్లు గజగజ వణికినయ్. చీర కుచ్చిళ్లున్నయి గనుక ఎవ్వలకు కనవడలే" అంది. తన మాటకు తనే నవ్వుకుంటూ దిగి, గట్టు మీద నుంచి చేలోకి నడిచి వెళ్లిపోయింది.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో ఒక బడిలో సైన్స్ పాఠాలు చెబుతాను. అప్పటి అత్త వయసుకు దగ్గర పడ్డాను. మొన్న కొత్తగా చేరిన టీచరమ్మ ల్యాబులో ఏదో గాజు గొట్టం పగలగొట్టి, చేయి తెగి, పిల్లలందరి ముందు బిక్కచచ్చి నిలబడింది. నేను వెళ్లి, మెల్లగా మాట్లాడి, కట్టు కట్టి, పిల్లలను పంపించాను. "మీకసలు భయమే వెయ్యదా మేడం?" అంది ఆ అమ్మాయి, కళ్లు పెద్దవి చేసుకుని, ఒకప్పుడు ఒక పిల్ల జీపు వెనక కూర్చుని చూసినట్టే. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆ కళ్లను చూసి, ఇంకొన్నాళ్లు ఆగుదామని, కుచ్చిళ్లు సర్దుకుని బయటికి నడిచాను.